మాస్టర్ డేటా ఎక్కడ పుట్టాలి? ఎక్సెల్ నుంచి హబ్ దాకా ఆరు దారుల పోలిక

నేను ఇదివరకు పనిచేసిన ఒక సంస్థలో ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు వెళ్లింది. అకౌంట్స్ వాళ్ల అజాగ్రత్త అనుకోవడానికి లేదు. అదే సప్లయర్ కోడ్, అదే బిల్లు నంబరు, అదే తేదీ, అదే మొత్తం మళ్లీ ఎక్కిస్తే ఈఆర్పీ (కొనుగోలు, అమ్మకం, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) అక్కడే ఆపేస్తుంది. కానీ ఆ సప్లయర్‌కి రెండు కోడ్‌లు ఉన్నాయి. ఒకటి పాతది. రెండోది, 'ప్రైవేట్ లిమిటెడ్' అన్న మాటను ఎవరో కుదించి టైప్ చేసి, వెతికితే పాతది దొరక్క కొత్తగా తెరిచింది. సిస్టమ్ లెక్కలో వాళ్లు ఇద్దరు, కాబట్టి ఇద్దరికీ డబ్బిచ్చింది.

సప్లయర్లు, కస్టమర్లు, వస్తువులు, ఉద్యోగులు, గోడౌన్లు, ఖాతాల పద్దు: ఈ జాబితాలనే మాస్టర్ డేటా అంటాం. ఆర్డర్, బిల్లు, చెల్లింపు లాంటివి లావాదేవీలు, పుడతాయి, ముగుస్తాయి. అవి ఎన్ని వచ్చిపోయినా కస్టమర్ పేరు, వస్తువు కోడ్ అలాగే ఉంటాయి. ప్రతి లావాదేవీ వాటినే పట్టుకుని నడుస్తుంది. అందుకే లావాదేవీలో తప్పు ఒక్కసారి నష్టం చేస్తే, మాస్టర్‌లో తప్పు దాన్ని వాడుకున్న ప్రతిసారీ నష్టం చేస్తుంది. దేశాల కోడ్‌లు, కరెన్సీ కోడ్‌ల లాంటివి వేరే రకం. వాటిని రిఫరెన్స్ డేటా అంటారు. ఐఎస్‌ఓ 3166, ఐఎస్‌ఓ 4217 ఉండగా సొంతంగా తయారుచేసుకోవాల్సిన పని లేదు, ఉన్నవి తెచ్చి వాడుకోవడమే.

'ధర మాస్టర్ డేటానా కాదా' లాంటి వాదనలు మీటింగుల్లో గంటలు తింటాయి. నేను రెండే చూస్తాను: ఒకటికి మించి విభాగాలు దాన్ని వాడుతున్నాయా, అది తప్పయితే ఒకటికి మించి లావాదేవీలు చెడతాయా. రెండింటికీ అవునంటే అది మాస్టరే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. దీన్ని ఎక్కడ ఉంచాలి? చాలామంది ఈ ప్రశ్నను 'ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి' అని అడుగుతారు. కొనుగోలు తర్వాతి సంగతి. కొత్త రికార్డు పుట్టే హక్కు ఏ తెరకి ఇస్తున్నారు, వద్దనే హక్కు ఏ మనిషికి ఇస్తున్నారు అన్నది ముందు తేలాలి. కింది ఆరు దారుల మధ్య తేడా ముఖ్యంగా అదే.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఒకే రికార్డుని ఎన్ని సిస్టమ్‌లు పుట్టిస్తున్నాయి? వాడేవాటిని లెక్కపెట్టకండి, పుట్టించేవాటినే లెక్కపెట్టండి. ఇరవై అప్లికేషన్లు కస్టమర్ పేరు చదవొచ్చు. దాన్ని పుట్టించేది ఒక్కటే అయితే మీ సమస్య చిన్నది.

నొప్పి ఎక్కడుంది, రిపోర్ట్‌లోనా పనిలోనా? 'మన టాప్ పది కస్టమర్లెవరు' అంటే మూడు విభాగాలు మూడు జాబితాలు ఇస్తున్నాయా? అది రిపోర్ట్ నొప్పి. సరుకు పాత అడ్రసుకి వెళ్లి తిరిగొస్తోందా? అది పనిలో నొప్పి. రెండో దానికి వైద్యం ఎక్కువ ఖర్చు. మొదటిదే ఉన్నవాళ్లు రెండో దాని మందు కొనడం తరచూ చూస్తుంటాను.

గొడవొస్తే తీర్పు ఎవరిది? సేల్స్ ఒక పేరు అంటుంది, ఫైనాన్స్ ఇంకో పేరు అంటుంది. 'కమిటీ చూస్తుంది' అన్నది మీ జవాబైతే, సెంట్రలైజ్డ్ పద్ధతి (కొత్త రికార్డు ఒక్క చోటే పుట్టాలనే దారి, కింద వస్తుంది) జోలికి ఇప్పుడే వెళ్లకండి.

తప్పుగా కలిపేస్తే విడదీయగలరా? దీన్ని ఎవరూ ముందు అడగరు. రెండు రికార్డులు కలిపాక వాటి మీద ఆరు నెలల ఆర్డర్లు పడితే, ఏది ఎవరిదో తేల్చడం నరకం.

## మొదటి దారి: ఎక్సెల్, దానికో యజమాని

దీన్ని చూసి నవ్వనక్కర్లేదు. కొన్ని వందల రికార్డులు, నెలకి నాలుగైదు మార్పులు, బాధ్యత తీసుకున్న ఒక మనిషి ఉంటే ఎక్సెల్ చక్కగా పనిచేస్తుంది. ఖాతాల పద్దు, కాస్ట్ సెంటర్లు, శాఖల జాబితా ఇలా ఏళ్ల తరబడి నడిచిన చోట్లు ఎన్నో.

చెడేది రెండు చోట్ల. ఒకటి, ఎక్సెల్ మీకు చెప్పకుండా డేటా మారుస్తుంది. '00457' అన్న కోడ్ '457' అవుతుంది, కొన్ని కోడ్‌లు తేదీలైపోతాయి. జన్యువుల పేర్లు ఇలా తేదీలుగా మారిపోతుండటంతో, ఆ పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీయే 2020లో కొన్ని పేర్లు మార్చిన సంగతి బయటపెట్టింది. సాఫ్ట్‌వేర్ అలవాటుకి శాస్త్రమే తలవంచిందన్నమాట. రెండోది, హద్దు దాటినా ఫైలు గట్టిగా అరవదు. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. కారణం పాత రకం ఎక్సెల్ ఫార్మాట్: ఒక షీట్‌లో 65,536 వరసలకి మించి పట్టవు. కొత్త ఫార్మాట్‌లో 10,48,576 పడతాయి గానీ, మీరు ఆ హద్దు చేరేలోపే 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ కొత్తది' అని మూడు ఫైళ్లు తయారవుతాయి. ఆ రోజుతో ఈ దారి ముగిసినట్టే.

## రెండో దారి: ఈఆర్పీయే మాస్టర్

ఒక్కటే ఈఆర్పీ ఉన్న సంస్థకి నా మొదటి సలహా ఇదే. కస్టమర్ మాస్టర్, వెండర్ (అంటే సప్లయర్) మాస్టర్, మెటీరియల్ (అంటే వస్తువుల) మాస్టర్ అందులో ఉండనే ఉన్నాయి. ఎవరు తెరవాలి, ఎవరు ఆమోదించాలి అన్న అనుమతులు బిగిస్తే చాలా సమస్యలు అక్కడే ఆగిపోతాయి. ఈఆర్పీలు కూడా ఈ దిశలోనే జరిగాయి. ఎస్‌ఏపీలో ఇదివరకు కస్టమర్ వేరు, వెండర్ వేరు. ఒకే కంపెనీ మన దగ్గర కొంటూ మనకి అమ్ముతుంటే రెండు చోట్ల ఉండేది. 2015లో వచ్చిన ఎస్/4 హానాలో ఇద్దరినీ 'బిజినెస్ పార్ట్‌నర్' అనే ఒకే రికార్డు కిందకి తెచ్చారు.

పరిమితి ఏమిటంటే, ఈఆర్పీ తనకి కావలసినంతే గుర్తుపెట్టుకుంటుంది. వస్తువు బరువు, యూనిట్, పన్ను వర్గం ఉంటాయి. వెబ్‌సైట్‌లో పెట్టే పది ఫొటోలు, నాలుగు భాషల వివరణ అందులో ఇమడవు. దానికి పిమ్ అనే ప్రొడక్ట్ సమాచార సాఫ్ట్‌వేర్‌లు వేరుగా ఉన్నాయి. ఇక సంస్థ ఇంకో సంస్థని కొని రెండో ఈఆర్పీ ఇంట్లోకి వచ్చిందంటే, 'ఈఆర్పీయే మాస్టర్' అన్న మాటకి అర్థం ఉండదు. ఏ ఈఆర్పీ?

## మిగతా నాలుగూ: హబ్ పద్ధతులు

వేర్వేరు సిస్టమ్‌లలోని మాస్టర్ డేటాని మధ్యలో ఉండి కలిపే లేదా లంకె వేసే సిస్టమే హబ్. ఎండీఎం, అంటే మాస్టర్ డేటా మేనేజ్‌మెంట్ రంగంలో నాలుగు పద్ధతుల పేర్లు వినిపిస్తాయి: రిజిస్ట్రీ, కన్సాలిడేషన్, కోఎగ్జిస్టెన్స్, సెంట్రలైజ్డ్. పేర్లు బరువుగా ఉన్నా లోపలి సంగతి తేలికే.

రిజిస్ట్రీ అంటే చిరునామాల పుస్తకం లాంటిది. డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. 'ఇక్కడి 1043, అక్కడి 88బి ఒకే మనిషి' అన్న లంకె మాత్రం మధ్యలో ఉంటుంది. డేటాని కదిలించడానికి చట్టమో, విభాగాల మధ్య పట్టుదలో ఒప్పుకోనప్పుడు ఇదే మార్గం. ఆసుపత్రుల గొలుసుల్లో రోగుల సూచికలు సాధారణంగా ఇలాగే ఉంటాయి. ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. కానీ మూలంలో తప్పు తప్పుగానే మిగులుతుంది. పూర్తి సమాచారం కావాలంటే ప్రతిసారీ అన్ని సిస్టమ్‌లనీ అడగాలి, వాటిలో అన్నిటికన్నా నెమ్మదైనది ఎంత వేగమో మీరూ అంతే వేగం.

కన్సాలిడేషన్లో అన్ని చోట్ల నుంచీ డేటా, చాలాసార్లు రాత్రిపూట, ఒక హబ్‌లోకి వస్తుంది. అక్కడ ఒకటే అనిపించినవాటిని జతచేసి ఒక 'గోల్డెన్ రికార్డ్' తయారుచేస్తారు. రిపోర్టులు దాన్నే చూస్తాయి. మూల సిస్టమ్‌ల మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. దీని గొప్పతనం అదే, లోపమూ అదే. ఎవరి పనీ మారదు కాబట్టి ఎవరూ అడ్డుపడరు. కానీ సరైన అడ్రసు హబ్‌కి తెలుసు, డెలివరీ వాళ్ల తెరకి తెలియదు.

నా మొగ్గు దీని వైపే అని ముందే చెప్పేస్తున్నా. చివరికి ఎక్కడ తేలాలనుకున్నా మొదలు ఇక్కడ పెడితే మంచిది. కలిపింది తప్పైతే మూల రికార్డులు చెక్కుచెదరకుండా ఉంటాయి, మర్నాడు రూల్ మార్చి మళ్లీ నడుపుకోవచ్చు. ఈ ధైర్యం కింద వచ్చే కోఎగ్జిస్టెన్స్, సెంట్రలైజ్డ్ రెండిటిలో ఉండదు.

కోఎగ్జిస్టెన్స్లో గోల్డెన్ రికార్డ్ మళ్లీ మూల సిస్టమ్‌లకి వెనక్కి వెళుతుంది. సేల్స్ వాళ్లు కస్టమర్ల వివరాలుండే తమ సీఆర్‌ఎంలోనే, ఫైనాన్స్ వాళ్లు తమ ఈఆర్పీలోనే పనిచేస్తారు. ఇద్దరికీ ఒకే పేరు, ఒకే అడ్రసు కనిపిస్తాయి. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కట్టడం మాత్రం నాలుగింటిలో ఇదే కష్టం. ఇద్దరూ ఒకే రోజు ఒకే ఫోన్ నంబరుని రెండు రకాలుగా మారిస్తే ఎవరిది నిలవాలి? దీనికి రాసుకునేవే సర్వైవర్‌షిప్ రూల్స్. 'చివరగా మార్చినదే నిలుస్తుంది' అన్నది అందరికీ ముందు తట్టే రూల్. నిలువునా ముంచేదీ అదే. ఎవరో రెండేళ్ల నాటి ఫైలుని ఈ అర్ధరాత్రి అప్‌లోడ్ చేస్తే సిస్టమ్‌కి అదే అన్నిటికన్నా కొత్తదిగా కనబడుతుంది. రికార్డు మొత్తానికి ఒకే రూల్ పెట్టకుండా గడి గడికీ పెట్టుకోవాలి: పన్ను నంబరు ఫైనాన్స్ చెప్పిందే, డెలివరీ అడ్రసు లాజిస్టిక్స్ చెప్పిందే, ఫోన్ నంబరు కస్టమర్ కేర్ చెప్పిందే. ఇంకో తలనొప్పి ప్రతిధ్వని. హబ్ పంపిన మార్పుని కొత్త మార్పనుకుని మూల సిస్టమ్ తిరిగి హబ్‌కే పంపుతుంది. ఇది పట్టుకోకపోతే రెండూ రాత్రంతా ఒకదానికొకటి చెప్పుకుంటూనే ఉంటాయి.

సెంట్రలైజ్డ్లో కొత్త రికార్డు హబ్‌లోనే పుట్టాలి, ఇంకెక్కడా పుట్టకూడదు. కొత్త సప్లయర్ కావాలంటే అభ్యర్థన పెట్టాలి. కొనుగోలు విభాగం వివరాలు నింపుతుంది, ఫైనాన్స్ బ్యాంకు ఖాతా సరిచూస్తుంది, పన్ను విభాగం తన గడులు నింపుతుంది, అప్పుడు కోడ్ వస్తుంది. శుభ్రతలో దీనికి సాటి లేదు. దీని గండం క్యూ. ఆమోదానికి నాలుగు రోజులు పడితే జనం దారి వెతుక్కుంటారు. ఈఆర్పీల్లో ఎప్పుడో ఒకసారి మాత్రమే మనకి అమ్మేవాళ్ల కోసం 'వన్ టైమ్ వెండర్' అనే ఖాతా ఉంటుంది. హబ్ నెమ్మదిస్తే ఒకే సప్లయర్ నెలనెలా ఆ 'వన్ టైమ్' ఖాతాలోనే కనబడటం మొదలవుతుంది. హబ్ ఆరోగ్యం తెలుసుకోవడానికి డాష్‌బోర్డ్ కన్నా ఆ ఖాతాలో పడే బిల్లుల సంఖ్య నిజం చెబుతుంది.

పద్ధతి ఏదైనా, లోపలికి పోసే డేటా చెడ్డదైతే తప్పించుకోలేరు. అమెరికా రిటైల్ కంపెనీ టార్గెట్ 2013లో కెనడాలో దుకాణాలు తెరిచింది. 2015 జనవరికల్లా 133 దుకాణాలూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో బాగా చర్చకొచ్చినది కొత్త సిస్టమ్‌లోకి హడావిడిగా ఎక్కించిన వస్తువుల వివరాలు. సెంటీమీటర్ల గడిలో అంగుళాలు, పొడవు గడిలో వెడల్పు. పెట్టె ఎంతుందో సిస్టమ్‌కి తెలియకపోతే షెల్ఫ్‌లో ఎన్ని పడతాయో ఎలా లెక్కేస్తుంది?

## ఒక చూపులో

| దారి | కొత్త రికార్డు ఎక్కడ పుడుతుంది | సరిదిద్దింది ఎవరికి కనిపిస్తుంది | రోజువారీ పని మారుతుందా | తప్పు కలయికని విడదీయడం |
|---|---|---|---|---|
| ఎక్సెల్ | యజమాని ఫైలులో | ఫైలు అందినవాళ్లకి | లేదు | చేతిపని, పాత ఫైలు ఉంటేనే |
| ఈఆర్పీ | ఈఆర్పీలో | ఈఆర్పీ వాడేవాళ్లకి | కొద్దిగా | కష్టం |
| రిజిస్ట్రీ | ఎక్కడిదక్కడే | లంకెలు మాత్రమే, హబ్‌ని అడిగినవాళ్లకి | లేదు | చాలా తేలిక, లంకె తెంపితే చాలు |
| కన్సాలిడేషన్ | ఎక్కడిదక్కడే | రిపోర్టులు చూసేవాళ్లకి | లేదు | తేలిక |
| కోఎగ్జిస్టెన్స్ | ఎక్కడిదక్కడే, తర్వాత హబ్ సరిదిద్దుతుంది | అందరికీ, కాస్త ఆలస్యంగా | కొద్దిగా | కష్టం |
| సెంట్రలైజ్డ్ | హబ్‌లోనే | అందరికీ | పూర్తిగా | కష్టం, కానీ అవసరం తక్కువ |

## పోలికలు పట్టడం: అన్ని హబ్‌లకీ ఉమ్మడి పరీక్ష

అమ్మకానికి వచ్చేవాళ్లు డెమోలో రెండు ఇంచుమించు ఒకేలాంటి పేర్లు చూపించి, వాటిని సిస్టమ్ ఎలా జతచేసిందో చూడమంటారు. అందులో మాయ లేదు. శబ్దాన్ని బట్టి పేర్లు పోల్చే సౌండెక్స్‌కి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1918లో. స్మిత్, స్మైత్ రెండింటికీ అది ఒకే కోడ్ ఇస్తుంది. అది ఇంగ్లిష్ పేర్ల కోసం పుట్టింది కాబట్టి వేరే లిపి నుంచి వచ్చిన పేర్ల దగ్గర తడబడుతుంది. కొనేముందు మీ సొంత డేటాతోనే డెమో అడగండి.

1969లో ఫెల్లెగి, సంటర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు రాసిన పద్ధతి ఇప్పటికీ చాలా టూల్స్‌కి పునాది. జతల్ని మూడు కుప్పలు చెయ్యమన్నారు: కచ్చితంగా ఒకటే, కచ్చితంగా వేరు, మనిషి చూడాల్సినవి. ఆ మూడో కుప్పని రోజూ చూసే మనిషినే డేటా స్టీవార్డ్ అంటారు. ఆ మనిషి జీతం బడ్జెట్‌లో లేకపోతే ఆ కుప్ప పెరుగుతూ పోతుంది. ఏడాదికి ఎవరో విసిగిపోయి 'అన్నీ కలిపేయండి' అంటారు. కలపకపోవడం ఖర్చు, తప్పుగా కలపడం ప్రమాదం. ఇద్దరు రోగుల ఫైళ్లు కలిసిపోతే ఒకరి ఎలర్జీ ఇంకొకరి పేజీలో చేరుతుంది.

వస్తువుల దగ్గర లెక్క తలకిందులవుతుంది. 6205 అనే బేరింగ్ తీసుకోండి. '6205', '6205 2ఆర్‌ఎస్' చూపుకి దాదాపు ఒకటే, కానీ రెండోదానికి రెండువైపులా రబ్బరు సీల్ ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే మెషిన్ దెబ్బతినొచ్చు. మరోపక్క '6205', 'బాల్ బేరింగ్ 25 x 52 x 15' చూపుకి పొంతనే లేదు, కానీ రెండూ ఒకే వస్తువు గురించి రాసినవే కావచ్చు. అవి ఆ బేరింగ్ మిల్లీమీటరు కొలతలు. అక్షరాలు పోల్చే టూల్ మొదటి రెండింటిని కలుపుతుంది, తర్వాతి రెండింటిని విడదీస్తుంది. అందుకే కస్టమర్ల కోసం బాగా పనిచేసిన టూల్‌ని మెటీరియల్ మాస్టర్‌కి కూడా అలాగే వాడేద్దాం అంటే ఒప్పుకోకండి. వస్తువులకి ముందు వర్ణనని ముక్కలు చేసి రకం, కొలత, సీల్, తయారీదారు అని గడుల్లో పెట్టాలి, పోలిక ఆ తర్వాతే.

ఇక్కడే కోడ్‌ల గురించి ఒక మాట. మొదటి రెండు అక్షరాలు రకం, తర్వాతి రెండు రంగు అంటూ అర్థం నింపిన కోడ్‌లు ముచ్చటగా ఉంటాయి. వర్గీకరణ మారిన రోజు అవి అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. కోడ్ వట్టి వరస నంబరుగా ఉండటమే మేలు. బార్‌కోడ్ వెనకుండే జీటిన్, కంపెనీలకిచ్చే 9 అంకెల డన్స్ నంబరు, సంస్థల చట్టబద్ధ గుర్తింపుకి వాడే 20 అక్షరాల ఎల్‌ఈఐ లాంటి బయటి గుర్తులు పోలికకి చాలా సాయపడతాయి. వాటిని పక్కగడిలో పెట్టుకోండి. సొంత కోడ్ స్థానంలో మాత్రం కూర్చోబెట్టకండి, ఎందుకంటే అవి అందరికీ ఉండవు, ఉన్నా మీ చేతిలో ఉండవు.

## మీది ఏ పరిస్థితి?

ఒక్క ఈఆర్పీ, రెండు మూడు చిన్న అప్లికేషన్లు ఉన్న సంస్థ అయితే హబ్ మాట మరిచిపోండి. కొత్త కోడ్ తెరిచే అనుమతి ఇద్దరికే ఉంచి, పన్ను నంబరు గడిని తప్పనిసరి చేసి, ఉన్న డూప్లికేట్లని బ్లాక్ చేయండి. తొలగించకండి, పాత బిల్లులు వాటి మీదే ఉంటాయి.

విలీనం తర్వాత రెండు మూడు ఈఆర్పీలతో మిగిలినవాళ్లకి కన్సాలిడేషన్. ముందు సప్లయర్లతో మొదలుపెట్టాలని నా సలహా. కస్టమర్లకన్నా సంఖ్య తక్కువ, పన్ను నంబరు, బ్యాంకు ఖాతా లాంటి గట్టి ఆధారాలుంటాయి, పైగా ఒకే సప్లయర్ దగ్గర రెండు ధరలకి కొంటున్నామని తేలిన రోజే ప్రాజెక్టుకి పై నుంచి మద్దతు దొరుకుతుంది.

లక్షల కస్టమర్లు, యాప్, కాల్ సెంటర్, శాఖలు అన్నీ ఉన్న బ్యాంకు, టెలికాం లాంటి చోట్ల చివరికి కోఎగ్జిస్టెన్స్ తప్పదు. కానీ ఏడాదైనా కన్సాలిడేషన్‌గా నడిపి, రూల్స్ మీద నమ్మకం కుదిరాకే వెనక్కి రాయడం మొదలుపెట్టండి. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద కస్టమర్ తన డేటా తీసేయమని అడగొచ్చు. ఆ మనిషి ఎన్ని సిస్టమ్‌లలో ఎన్ని పేర్లతో ఉన్నాడో తెలియని సంస్థ ఏం తీసేయగలదు? ఈ ఒక్క అవసరమే మీకుంటే రిజిస్ట్రీ కూడా సరిపోతుంది.

ఫ్యాక్టరీల మెటీరియల్ మాస్టర్‌కి సెంట్రలైజ్డ్ నప్పుతుంది. కొత్త స్పేర్ పార్ట్ కోడ్ ఒక రోజు ఆగినా సాధారణంగా కొంప మునగదు. తప్పు కోడ్ మాత్రం ఏళ్ల తరబడి స్టోర్‌లో దుమ్ము పట్టిన సరుకుగా మిగులుతుంది. అత్యవసరానికి పక్కదారి ఒకటి పెట్టండి, దానికి ఏడు రోజుల గడువు పెట్టండి.

టూల్ ఏదన్నది నిజానికి చివరి ప్రశ్న. ఒక్క జాగ్రత్త చెబుతాను. మైక్రోసాఫ్ట్ తన ఎండీఎం టూల్ మాస్టర్ డేటా సర్వీసెస్‌ని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2తో తెచ్చింది, 2025 వెర్షన్‌లో తీసేసింది. అంత పెద్ద కంపెనీ ఉత్పత్తికే ఆ గతి పట్టినప్పుడు, మీ పోలిక రూల్స్, సర్వైవర్‌షిప్ రూల్స్ టూల్ లోపలే బందీ కాకుండా బయట ఒక పత్రంలో మామూలు భాషలో రాసి ఉంచుకోండి.

ఇంకా ఎటూ తేలకపోతే ఈ వారం ఒక పని చేయండి. బ్యాంకు ఖాతా ఒకటే ఉండి కోడ్‌లు వేరుగా ఉన్న సప్లయర్ల జాబితా తీయించండి. ఐటీ వాళ్లకి అది సగం రోజు పని. అందులో ఇరవై పేర్లొస్తే అనుమతులు బిగించుకుంటే చాలు. రెండు వేలొస్తే హబ్ గురించి మాట్లాడొచ్చు. ఆ జాబితాని అకౌంట్స్‌కి పంపేటప్పుడు, ఒకే బిల్లు నంబరు రెండు కోడ్‌ల మీదా కనబడుతోందేమో కూడా చూడమనండి.